అరచేతి జూదశాల

హైదరాబాదు నుండి మచిలీపట్నం వైపు సాగే జాతీయ రహదారిని, ఛత్తీస్‌గఢ్ మీదుగా దిగివచ్చే మరొక జాతీయ రహదారి కలుసుకునే కూడలి ఇబ్రహీంపట్నం. ఒకవైపు 1979 నుండి విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్న థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు, మరొకవైపు పట్టిసీమ నుండి వచ్చిన గోదావరి జలాలు 2015 నుండి కృష్ణలో కలుస్తున్న పవిత్ర సంగమం, కూతవేటు దూరంలో బొమ్మల కొండపల్లి. ఉదయం ఏడు గంటలు దాటేసరికి ఈ కూడలిలో కళాశాలల బస్సులు బారులు తీరుతాయి. కిటికీ పక్కన కూర్చున్న ప్రతి విద్యార్థి చేతిలోనూ సెల్‌ఫోను ఉంటుంది. అందులో ఒకడు నిన్నటి పాఠాన్ని తిరిగి వింటూ ఉండవచ్చు. మరొకడు తన పరీక్ష రుసుమును పందెం ఒడ్డుతూ ఉండవచ్చు. పక్క సీటులోని మిత్రునికి సైతం ఆ తేడా తెలియదు. ఆన్‌లైన్ జూదం గురించి ఆలోచించేవారు మొట్టమొదట గమనించవలసిన విషయం ఈ కనబడకపోవడమే.

కృష్ణా డెల్టాకు జూదం కొత్త కాదు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందాల బరులు వెలుస్తాయి. వాటి పక్కనే బొమ్మల గుడ్డ పరచి పాచికలు దొర్లించే గుండాట, కోతముక్క, పేకాట శిబిరాలు నడుస్తాయి. చట్టం కాదన్నా, న్యాయస్థానాలు ఆంక్షలు విధించినా ఈ తంతు పూర్తిగా ఆగలేదు. అయితే ఆ జూదానికి ఒక చోటు ఉంది, ఒక వేళ ఉంది. పందిరి వేయాలి, పదిమంది కూడాలి, పోలీసు జీపు వస్తే ఈల వేయడానికి ఒక కాపలావాడు ఉండాలి. అన్నింటికీ మించి, ఎవరు ఎంత పోగొట్టుకున్నదీ తెల్లవారేసరికి ఊరంతటికీ తెలిసిపోతుంది. ఎకరం తాకట్టు పెట్టినవాని పేరు టీ దుకాణం దగ్గర నలుగుతుంది. ఊరివారి నోటికి వెరచి సగంలో లేచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. కొడుకు బరి వైపు నడిచాడని తెలిస్తే మేనమామ వెళ్లి రెక్క పట్టుకుని లాక్కువచ్చేవాడు. ఆ అవమానభయం ఒక కంచెలా పనిచేసింది. సెల్‌ఫోను వచ్చి ఆ కంచెను తీసివేసింది. దుప్పటి కప్పుకుని పడుకున్నవాడు నిద్రపోతున్నాడో, జూదమాడుతున్నాడో అదే గదిలో ఉన్న అమ్మకు సైతం తెలియదు.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. 2016వ సంవత్సరంలో రెండు సంగతులు దాదాపు ఏకకాలంలో సంభవించాయి. యూపీఐ ద్వారా క్షణాలలో డబ్బు పంపే సదుపాయం వచ్చింది, అంతర్జాలం కారుచౌక అయింది. రెండూ మేలైనవే. కూరగాయలమ్మే స్త్రీ నుండి ధాన్యం వ్యాపారి వరకు వాటివలన లాభపడినవారే. కాని పేకాట యాప్‌ల వారికి అంతకుముందు లేని రాజమార్గం ఏర్పడింది. తరువాత 2020లో కరోనా వచ్చి తరగతి గదులు మూతపడ్డాయి. అప్పటివరకు పిల్లవాని చేతికి ఫోను ఇవ్వని తల్లిదండ్రులు సైతం పాఠాల కోసమని అప్పుచేసి కొనిచ్చారు. ఆ ఫోనులోకి పాఠాలతోపాటు పేకముక్కలూ వచ్చిచేరాయి.

తెలుగు రాష్ట్రాలు ఈ ప్రమాదాన్ని దేశంలో అందరికంటే ముందుగా గుర్తించిన వాటిలో ఉన్నాయని చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే తన జూద నిరోధక చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2020 సెప్టెంబరులో నిషేధానికి నిర్ణయించగా, అదే నెలలో ఆర్డినెన్సు వచ్చింది. 1974 నాటి జూద చట్టానికి సవరణ జరిగింది. నిర్వాహకులకు మొదటి నేరానికి ఏడాది వరకు, మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు, ఆడినవారికి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడే నిబంధనలు అందులో ఉన్నాయి. ఆ ఏడాది అక్టోబరులో 132 వెబ్‌సైట్లను, యాప్‌లను అడ్డుకోవలసిందిగా నాటి ముఖ్యమంత్రి కేంద్ర మంత్రికి లేఖ వ్రాశారు. అదే కాలంలో కృష్ణా జిల్లాలోని ఒక బ్యాంకు ఉద్యోగి ఖాతాదారుల సొమ్ము కోటిన్నరకు పైగా ఆన్‌లైన్ రమ్మీకి మళ్లించిన ఉదంతం బయటపడి సంచలనం కలిగించింది. చదువు, ఉద్యోగం, లెక్కలు తెలిసిన చేయి ఉన్నవాడే ఇలా మునిగితే, పదిహేడేళ్ల పిల్లవాని సంగతి చెప్పనక్కరలేదు.

నిజానికి చదువుకున్నవానిని పట్టే గాలం వేరుగా ఉంటుంది. దాని పేరు నైపుణ్యం. "ఇది అదృష్టం మీద ఆధారపడిన ఆట కాదు, తెలివితేటల ఆట" అని యాప్‌ల ప్రకటనలు పదేపదే చెప్పాయి. కూలిపనికి పోయే యువకునికంటె కళాశాల విద్యార్థికే ఈ మాట తీయగా వినిపిస్తుంది. తనకు తెలివి ఉందని తొమ్మిదో తరగతి నుండి అందరూ అతనితో అంటూనే ఉన్నారు కదా! ఆ తెలివికి తక్షణమే రొక్కం ఇస్తామన్నవారిని అతడెందుకు నమ్మడు?

ఈ వాదానికి న్యాయస్థానపు ఆధారం కూడా ఒకటి ఉంది. అది తెలుగునేల నుండే పుట్టింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పెట్టిన కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లగా, 1967 నవంబరులో తీర్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, కె.సత్యనారాయణకు నడుమ జరిగిన ఆ వ్యాజ్యంలో న్యాయమూర్తులు రమ్మీని మూడుముక్కలాట వంటి కేవల అదృష్టక్రీడగా భావించలేమన్నారు. పడిన ముక్కలను గుర్తుంచుకోవడానికి, ఏది ఉంచుకోవాలో ఏది పారవేయాలో తేల్చుకోవడానికి నేర్పు కావాలన్నారు. అర్ధశతాబ్దం తరువాత యాప్‌ల సంస్థలన్నీ ఈ వాక్యాన్నే పతాకంలా ఎగురవేశాయి. కాని అదే తీర్పులో మరొక మాట కూడా ఉంది. పందెం కట్టి ఆడే ఆటనుండి క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్లయితే అది నేరం కాగలదని న్యాయమూర్తులు హెచ్చరించారు. ఈ రెండవ మాటను పతాకం మీద ఎవరూ వ్రాసుకోలేదు. రమ్మీకి నేర్పు కావాలన్నది నిజమే కావచ్చు. ఆ నేర్పుతో బ్రతుకుతున్నది ఎవరన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం చిన్న లెక్కతో తేలిపోతుంది.

సమానమైన నేర్పు గల ఇద్దరు విద్యార్థులు ఆటకు చెరి వంద రూపాయలు ఒడ్డి ఇరవై ఆటలు ఆడారనుకుందాం. సంస్థ నూటికి పది రూపాయలు తన రుసుముగా మినహాయించుకుంటుందనుకుందాం. పందెం రెండువందలు, గెలిచినవానికి దక్కేది నూట ఎనభై. ఇద్దరూ చెరి పది ఆటలు గెలిచారు. ఒక్కొక్కడు పెట్టినది రెండువేలు, వచ్చినది పద్దెనిమిది వందలు. ఇద్దరూ సమానంగా ఆడి ఇద్దరూ రెండేసి వందలు ఓడిపోయారు. ఆ నాలుగువందలూ ఒక్క ముక్క కూడా ముట్టుకోనివానికి చేరాయి. ఈ ఆటలో నష్టపోకుండా బయటపడాలంటే నూరాటలలో కనీసం యాభై ఆరు గెలవాలి. అటువంటి ఆటగాడు ఉండవచ్చు. కాని అతడు గెలిచే సొమ్ము ఆకాశం నుండి ఊడిపడదు, ఇబ్రహీంపట్నం బస్సులోని పిల్లవాని జేబునుండి రావలసిందే. అవతల కూర్చున్నది తనవంటి విద్యార్థియో, రోజంతా ఇదే పనిగా కూర్చున్న ఘనాపాటియో, మనిషి కాక యంత్రమో తెలుసుకునే మార్గం కూడా అతనికి లేదు.

కౌటిల్యునికి ఈ సంగతి బాగా తెలుసు. అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే రాజోద్యోగి ఉంటాడు. జూదమంతా ఒకేచోట జరగాలి, పాచికలు అతడే ఇవ్వాలి, గెలిచినదానిలో నూటికి అయిదు అతడు తీసుకోవాలి. జూదగాళ్లలో ఎవరు ఓడినా ఖజానా మాత్రం ఓడని ఏర్పాటు అది. స్వతంత్ర భారతంలో కూడా 2023 అక్టోబరు నుండి ఆన్‌లైన్ పందెపు మొత్తంపై 28 శాతం జి.ఎస్.టి. విధించిన విషయం ఇక్కడ గుర్తుకు రాకమానదు. పన్ను వచ్చేచోట ప్రభుత్వాల కన్ను కొంత మెత్తబడుతుంది. రెండువేల సంవత్సరాలకు పైబడిన ఈ అలవాటు అంత త్వరగా పోదు.

లెక్క ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు విద్యార్థి ఎందుకు ఆగడు? ఇంటర్మీడియట్ గణితంలో సంభావ్యత ఒక అధ్యాయం. రెండు పాచికలను దొర్లించినపుడు మొత్తం ఏడు వచ్చే సంభావ్యత ఆరింట ఒకటి అని మార్కుల కోసం తడుముకోకుండా వ్రాసే పిల్లవాడే, సాయంత్రం ఫోనులో రంగు చెప్పే ఆటలో "అయిదుసార్లు ఎరుపు వచ్చింది, ఈసారి పచ్చ తప్పదు" అని వేయి రూపాయలు పెడతాడు. ఈ భ్రమకు ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. 1913 ఆగస్టు 18న మోంటీకార్లో జూదశాలలో తిరిగే చక్రం మీద గోళీ వరుసగా 26 సార్లు నలుపు గడిలోనే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని ఆ రాత్రి జూదగాళ్లు అంతకంతకూ పెంచి ఒడ్డి లక్షలు పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకశక్తి లేదు. జ్ఞాపకం ఉన్నది మనిషికే, అదే అతని కొంప ముంచింది. పైగా ఫోనులోని రంగును నిర్ణయించేది నిజమైన చక్రం కాదు, ఎక్కడో ఎవరో వ్రాసిన ప్రోగ్రాము. దానికి న్యాయంగా తిరగవలసిన అవసరం కూడా లేదు.

అయితే ఇది అజ్ఞానం మాత్రమే అనుకోవడం పొరపాటు. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ గత శతాబ్ది మధ్యకాలంలో పావురాలపై ప్రయోగాలు చేశాడు. మీట నొక్కినపుడు లెక్క ప్రకారం గింజ పడితే పావురం తనకు కావలసినపుడు నొక్కి, తరువాత కొంతసేపు ఊరుకుంటుంది. ఎన్నిసార్లకు పడుతుందో తెలియకుండా, ఒకసారి మూడింటికి, ఒకసారి ముప్పైయింటికి గింజ పడేటట్లు చేస్తే మాత్రం విడవకుండా నొక్కుతూనే ఉంటుంది. జూదపు యాప్ ఆ పెట్టెకు రంగులు వేసిన రూపమే. చేరినందుకు ఉచితంగా కొంత సొమ్ము, తొలిరోజులలో ఒకటి రెండు గెలుపులు, ఆ తరువాత "కొద్దిలో తప్పిపోయింది" అనిపించే ఓటములు. కొద్దిలో తప్పిన ఓటమి మనసుకు ఓటమిగా తోచదు, గెలుపునకు దగ్గరైనట్లు తోస్తుంది. ఒక్క ముక్క వస్తే చాలు అనుకున్నవానికి నిద్ర పట్టదు. ముందుచూపును, నిగ్రహాన్ని నడిపే మెదడు భాగం ఇరవై అయిదేళ్లు వస్తేగాని పూర్తిగా పరిపక్వం కాదని వైద్యులు చెబుతారు. అందుచేత పదిహేడేళ్లవానిని "నీకు బుద్ధి లేదా?" అని అడగడం కంటె, ఆ బుద్ధి ఏర్పడే వయస్సులోనే అతనికి ఎదురుగా ఇంతమంది నిపుణులను కూర్చోబెట్టినవారిని అడగడం న్యాయం.

ఓడిన సొమ్ము ఎవరిది? విద్యార్థికి సంపాదన లేదు. మొదట చేతిఖర్చులు, తరువాత హాస్టలు రుసుము, ఆ తరువాత ఇంటి ఖాతా. డెల్టా పల్లెలలో చాలా ఇళ్లలో తల్లికి బ్యాంకు ఖాతా ఉంది, ఫోను ఉంది, కాని యూపీఐ పిన్ నంబరు పెట్టినది కొడుకు. ఆమె దానిని ఎన్నడూ స్వయంగా నొక్కి ఎరుగదు. డ్వాక్రా అప్పు వచ్చినా, మిల్లువాడు ధాన్యం డబ్బు వేసినా ముందుగా తెలిసేది అతనికే. అది అతనిపై ఆమెకున్న నమ్మకం. పదిహేడేళ్లవానికి యాప్‌లో పేరు నమోదు కాకూడదని నియమం ఉంటే తండ్రి ఆధార్ కార్డు, పాన్ కార్డు అల్మరాలోనే ఉంటాయి. పెద్దలైనవారు తమ డబ్బుతో తమకిష్టమైనది చేసుకునే స్వేచ్ఛ ఉండవద్దా అని జూదపు యాప్‌లను సమర్థించేవారు అడిగారు. ఆలోచించదగిన ప్రశ్నే. కాని ఈ ఆటలో ఒడ్డబడినది తరచుగా ఆడినవాని డబ్బు కాదు, అడిగినా చెప్పకుండా తీసుకున్న మరొకరి డబ్బు. ధర్మరాజు ద్రౌపదిని ఒడ్డినపుడు సభలో ఆమె వేయించిన ప్రశ్న కూడా హక్కును గురించినదే. తనను తాను ఓడినవానికి తనను ఒడ్డే అధికారం ఉందా అని ఆమె అడిగింది. భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయాడు.

ఇంటి ఖాతా అడుగంటిన తరువాత వచ్చేవి అప్పుల యాప్‌లు. పూచీకత్తు అడగని అప్పు ఇది. అయిదువేలు అడిగితే రుసుముల పేర మినహాయించి మూడువేల పైచిలుకు ఇచ్చి, వారంలో అయిదువేలూ కట్టమనే యాప్‌ల ఆగడాలు తెలుగు రాష్ట్రాలలో ఎన్నో కుటుంబాలను క్షోభ పెట్టాయి. కట్టలేకపోతే ఫోనులోని పేర్లన్నింటికీ సందేశాలు వెళ్తాయి. అక్కకు, అధ్యాపకునికి, మేనత్తకు మార్చిన ఫొటోలు చేరుతాయి. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇటువంటి రుణాలకు నిబంధనలు విధించింది. చట్టబద్ధమైన సంస్థలు వాటికి లోబడినా, అసలు ముఖమే లేనివి లోబడవు. శూద్రకుని మృచ్ఛకటికంలో సంవాహకుడనే జూదగాడు పది సువర్ణాలు ఓడి, జూదశాల యజమాని తరుముతుంటే వీధులవెంట పరుగెత్తుతాడు. అతనికి దాగడానికి కనీసం ఒక పాడుగుడి దొరికింది. వసంతసేన అప్పు తీర్చింది. ఆ తరువాత అతడు సన్న్యసించి బౌద్ధ భిక్షువైనాడు. ఫోను అప్పు తీసుకున్నవానికి దాగే గుడి లేదు, తరిమేవాడు జేబులోనే ఉంటాడు. ప్రాణాలు తీసుకున్న విద్యార్థుల వార్తలు పత్రికలలో ఒక మూల రెండు పేరాలలో ముగిసిపోతాయి. పోయిన సొమ్ము ఎంతో వ్రాస్తారు. ఆ సొమ్ము ఎన్నేళ్లు పనిచేస్తే తీరేదో వ్రాయరు. అనేక సందర్భాలలో అది తొలి ఉద్యోగపు రెండు మూడేళ్ల సంపాదన మాత్రమే.

అప్పు బయటపడిన రోజున ఇంటిలో జరిగేది దాదాపు ఒక్కటే. రెండు రోజుల ఏడుపు, ఒక ప్రమాణం, బంగారం తాకట్టు, బంధువులకు తెలియకుండా అప్పు తీర్చడం. పరువు నిలిచింది, పిల్లవాడు మారాడు అనుకుంటారు. ఇక్కడ మహాభారతాన్ని జాగ్రత్తగా చదవాలి. ధర్మరాజు ఒక్కసారి కాదు, రెండుసార్లు జూదమాడాడు. మొదటిసారి రాజ్యం, తమ్ములు, భార్య అందరినీ ఓడినపుడు ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి సమస్తం తిరిగి ఇచ్చివేశాడు. అంటే ఇంటిపెద్ద అప్పు మొత్తం తీర్చివేశాడు. పాండవులు ఇంద్రప్రస్థానికి దారిపట్టారో లేదో మళ్లీ పిలుపు వచ్చింది. ధర్మరాజు మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. వనవాసం ఆ రెండవ ఆట ఫలితం. నన్నయ తెలుగులో ఈ ఘట్టాన్ని చదివినవారందరూ మొదటి జూదాన్నే గుర్తుంచుకుంటారు, రెండవదే వ్యసనం అంటే ఏమిటో చెబుతుంది. పోయినది తిరిగి వచ్చినవానికి, పోగొట్టుకోవడం అంత భయంకరం కాదనిపిస్తుంది. అప్పు తీర్చడం తప్పు కాదు, తీర్చక తప్పదు కూడా. ఏమీ మారకుండా, ఎవరికీ తెలియకుండా తీర్చడమే రెండవ పిలుపునకు తలుపు తెరిచి ఉంచుతుంది. పిన్ నంబరు మార్చాలి, తల్లి దానిని తానే నొక్కడం నేర్చుకోవాలి, పిల్లవాడు తన అప్పులో కొంతభాగాన్నయినా సెలవులలో పనిచేసి నెలనెలా తీర్చాలి. ఇవి చిన్న విషయాలుగా కనబడతాయి. బంగారం తాకట్టు పెట్టడం కంటె ఇవి కష్టం.

దేశవ్యాప్త చట్టం కోసం ఎనిమిదేళ్లు పట్టింది. ఈలోగా తమిళనాడు నిషేధాన్ని 2021లో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. కర్ణాటక నిషేధానికి 2022లో అదే గతి పట్టింది. రెండుచోట్లా నైపుణ్యవాదమే గెలిచింది. నిషేధం ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో కూర్చున్నవాడు మరో రాష్ట్రంలో ఉన్నట్లు ఫోనుకు అబద్ధం చెప్పే యాప్ వేసుకుంటే సరిపోయింది. నిషేధం అమలులో ఉన్న కాలంలోనే క్రికెట్ పందేల యాప్ పేరు భారత జట్టు చొక్కాలమీద వెలిగింది. ఇంట్లో కూర్చుని ఆట చూస్తున్న కుర్రవానికి ఏది చట్టవిరుద్ధమో ఎలా అర్థమవుతుంది? తెలంగాణలో 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినీతారలపై, సామాజిక మాధ్యమాలలో పేరుపొందినవారిపై పోలీసులు కేసులు నమోదు చేశారు. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రభుత్వం ప్రకటించింది. నాడు ఆర్టీసీ అధిపతిగా ఉన్న వి.సి.సజ్జనార్ ఈ యాప్‌లకు వ్యతిరేకంగా సాగించిన ప్రచారం యువతలోకి బాగా వెళ్లింది. అభిమాన నటుడు చెప్పినంత మాత్రాన ఎవరైనా జూదమాడతారా అని పెద్దలు నవ్వవచ్చు. తలనూనె నుండి సబ్బు దాకా అభిమాన నటుడు చెప్పినందుకే కొన్న ఇళ్లలోనే ఆ పిల్లలు పెరిగారు.

చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ క్రీడల చట్టాన్ని ఆమోదించింది. లోక్‌సభలో 20న, రాజ్యసభలో 21న ఆమోదం పొంది, 22న రాష్ట్రపతి సంతకమైంది. నైపుణ్యమా అదృష్టమా అన్న దశాబ్దాల తగవును ఆ చట్టం పక్కన పెట్టింది. డబ్బు కట్టి డబ్బు ఆశించి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చినవారికి రెండేళ్లు, యాభై లక్షల వరకు. దేశంలో 45 కోట్ల మంది ఏడాదికి సుమారు 20 వేల కోట్ల రూపాయలు ఈ ఆటలలో పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం అప్పుడు అంచనా చెప్పింది. తలకు లెక్కవేస్తే 450 రూపాయలు కూడా కాదు. సగటు ఇక్కడ కళ్లు కప్పుతుంది. కోట్లమంది వందో రెండువందలో పోగొట్టుకుని మరచిపోతారు, కొద్దిమంది సర్వస్వం పోగొట్టుకుంటారు. సంస్థల లాభానికి ఆ కొద్దిమందే మూలస్తంభాలు.

ఈ చట్టంలో అందరికంటె విద్యార్థులకు సంబంధించిన అంశం ఒకటుంది. ఆడినవానికి శిక్ష లేదు, అతనిని బాధితునిగానే చూశారు. 2020 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణకు, దీనికి ఉన్న ముఖ్యమైన తేడా ఇది. ఇదే సరియైన మార్గం. ఆరు నెలల జైలు అన్న మాట ఏ పిల్లవానినీ యాప్ నుండి దూరం చేసిన దాఖలా కనబడదు, ఓడిన తరువాత నోరు విప్పకుండా మాత్రం చేయగలదు. మోసపోయిన సొమ్ము గురించి సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయాలన్నా, తానే నేరస్థుడనవుతానేమో అన్న భయం అడ్డుపడుతుంది.

నిషేధంతో అంతా ముగిసిందని మాత్రం అనుకోరాదు. దేశంలోని పెద్ద సంస్థలు డబ్బు ఆటలను కొద్దిరోజులలోనే నిలిపివేశాయి. విదేశాలనుండి నడిచేవి పేరు మార్చుకుని, టెలిగ్రామ్ బృందాలలో లంకెలు పంచుకుంటూ సాగాయి. వాటికి భారతదేశంలో డబ్బు వసూలు చేసుకోవడానికి ఖాతాలు కావాలి. "నీ బ్యాంకు ఖాతా నెలరోజులు అద్దెకిస్తే పదివేలు" అంటూ విద్యార్థుల దగ్గరకు వచ్చేది అందుకే. జూదంలో ఓడి అప్పులో ఉన్నవానికి ఇది వరంలా తోస్తుంది. ఆ ఖాతాలోకి వచ్చినది ఏ వృద్ధుని పింఛను సొమ్మో, ఏ గృహిణి మోసపోయిన సొమ్మో అతనికి తెలియదు. పోలీసులకు ముందుగా దొరికేది మాత్రం ఆ ఖాతా మీద పేరున్న పిల్లవాడే. ఇక్కడ అతడు బాధితుడు కాడు. చట్టం దృష్టిలో నేరస్థులకు సాయపడినవాడు. జూదమాడి ఓడినవానికి దయ చూపే చట్టం ఖాతా అద్దెకిచ్చినవానికి చూపదు. ఈ తేడా ప్రతి విద్యార్థికీ స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత కళాశాలలది.

కళాశాలలు ఇప్పటివరకు ఎక్కువగా చేసినది గోడమీద ఒక కాగితం అంటించడం, దొరికినవానిని హాస్టలు నుండి పంపివేయడం. పంపివేయడం వలన హాస్టలుకు పేరు దక్కుతుంది, పిల్లవానికి ఏకాంతం దక్కుతుంది. ఏకాంతమే ఈ వ్యసనానికి ఆహారం. గణిత అధ్యాపకుడు సంభావ్యతను బోధించేటపుడు ఒక పీరియడు ఈ యాప్‌ల లెక్కను నల్లబల్లమీద వేస్తే, పది హెచ్చరిక కాగితాలకంటె మేలు. ఇతరుల ఉపన్యాసం నమ్మనివాడు తాను స్వయంగా చేసిన లెక్కను నమ్మవచ్చు. పరీక్ష రుసుము గడువు దగ్గరపడుతున్నా కట్టనివాడు, ఉన్నట్టుండి మిత్రులందరి దగ్గరా అయిదేసి వందలు బదులడుగుతున్నవాడు, తరగతిలో నిద్రపోతున్నవాడు అధ్యాపకునికి కనబడుతూనే ఉంటారు. కారణం అడగవలసింది ఒంటరిగా, ఆఫీసుగదికి బయట. అడిగిన రోజునే తల్లిదండ్రులను పిలిపిస్తామని బెదిరిస్తే రెండవ విద్యార్థి ఇక చెప్పడు.

జూద వ్యసనం ఒక రోగమని వైద్యశాస్త్రం అంగీకరించి చాలాకాలమైంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దానిని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2014లోనే సాంకేతిక పరికరాల వ్యసనానికి ప్రత్యేక చికిత్సా విభాగాన్ని ప్రారంభించింది. చికిత్స అంటే మందులు మింగించడమే కాదు. ఏ వేళకు, ఏ మనఃస్థితిలో చేయి ఫోను వైపు పోతుందో రోగి గుర్తించేటట్లు చేయడం, ఆ వేళకు మరొక పని కల్పించడం, డబ్బు చేతికందే దారులను కొంతకాలం ఇతరుల అదుపులో ఉంచడం అందులో ముఖ్యభాగం. మళ్లీ ఒకసారి జారిపడినా చికిత్స విఫలమైనట్లు కాదని వైద్యులు ముందే చెబుతారు. ఇంటివారికి ఈ మాట తెలియకపోతే రెండవసారి జారిన కొడుకును ఇక లేనివానిగా లెక్కవేస్తారు.

బెంగళూరు వెళ్లడం అందరికీ సాధ్యం కాదు. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్య ద్వారా ఫోను చేయవచ్చు. రుసుము లేదు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను చేయవలసినవాడు విద్యార్థే కానక్కరలేదు. హాస్టలు గదిలో అర్ధరాత్రి రెండు గంటలకు పక్క మంచం మీద వెలుగుతున్న ఫోనును గమనించిన మిత్రుడు కూడా చేయవచ్చు.